ట్రాలీ వెనుక ఎఱ్ఱ దీపము

పూర్వము మన పెద్దలు చీకటివేళ బండి కట్టినచో ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడదీయనిదే ఊరు దాటెడివారు కారు. ఆ లాంతరు దారి చూచుకొనుటకు మాత్రమే గాక, ఇచ్చట బండి యున్నదని వెనుక వచ్చువానికి తెలుపుటకును ఉపయోగపడెడిది. ఇప్పుడు బండి స్థానమున ట్రాక్టరును, దాని వెనుక ట్రాలీయును వచ్చినవి. బరువు పెరిగినది, రోడ్లపై తిరుగు వాహనముల వేగము అంతకంటెను పెరిగినది. అయినను పెక్కు ట్రాలీల వెనుక నాటి లాంతరు పాటి వెలుగైనను కానరాకుండుట విచారకరము.

ఈ సంగతి లెక్క వేసి చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు వాహనము ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోవును. ముందున్న వస్తువును గుర్తించి బ్రేకుపై కాలు వేయుటకు ఒకటిన్నర సెకను పట్టునేని, ఆలోపల 25 మీటర్లు గడచును. పిమ్మట పొడి రోడ్డుపై ఆగుటకు మఱి 20 మీటర్లు కావలెను. అనగా 45 మీటర్ల ముందుగానే ట్రాలీ కంటబడవలెను. ఎదుటి వాహనముల వెలుగు కన్నులలో పడుచుండగా, మట్టికొట్టుకొని దీపము లేని ట్రాలీ అంత దూరమున ఎవరికి కనబడును?

మా యింటి ట్రాలీతోనే మాకు ఈ బుద్ధి కలిగినది. కోతల దినములలో ఒక సాయంకాలము దాని కుడివైపు వెనుక దీపము ఆఱిపోయినది. డ్రైవరు క్రొత్త బల్బు వేసెను, వెలుగలేదు. మఱునాడు మఱియొక బల్బు తెచ్చెను. కొంతసేపు మిణుకుమిణుకుమని అదియు ఆఱెను. "ధాన్యము తోలుట కానిండు, తరువాత చూచుకొందము" అని మేమును ఊరకుంటిమి. ఆ రాత్రియే కాలువగట్టు మలుపున మోటారు సైకిలుపై వచ్చుచున్న మా ఊరి కుఱ్ఱవాడొకడు, కడపటి క్షణమున గాని ట్రాలీని చూడలేక, బండిని ప్రక్కకు త్రిప్పి మాగాణిలో పడెను. నేల మెత్తనిదగుటచే మోకాటి దెబ్బతో బయటపడెను. లేచి వచ్చి అతడు పలికిన మాట యొక్కటే: "బాబాయీ, ఇక్కడ ట్రాలీ ఉన్నదనియే నాకు తెలియలేదు."

తెల్లవాఱిన పిమ్మట దీపము విప్పి చూడగా బల్బులలో దోషమేమియు లేదు. దీపపు డబ్బాను చట్రమునకు బిగించిన బోల్టు క్రింద తుప్పు పట్టియుండెను. గరుకు కాగితము ముక్కతో తీఱు దోషమునకు ఒక నిండు ప్రాణము పోవలసి యుండెను గదా యని నాడు మేము సిగ్గుపడితిమి.

దీపము వెలుగుటకు విద్యుత్తు బ్యాటరీనుండి బయలుదేఱి బల్బును చేరుట మాత్రమే చాలదు. అది మరల బ్యాటరీకి తిరిగి రావలెను. పొలమునకు పెట్టిన నీరు ముఱుగుకాలువ ద్వారా పోవలసినట్లే దీనికిని తిరుగుదారి యుండవలెను. ఆ దారినే మెకానిక్కులు ఎర్తు అందురు. పెక్కు ట్రాలీలలో దీనికై వేఱు తీగ యుండదు. చట్రపు ఇనుమే తిరుగుదారి. ట్రాలీకిని ట్రాక్టరుకును నడుమ కొక్కెమును, దాని పిన్నును మాత్రమే సంబంధము. అచ్చట గ్రీజు, తుప్పు, రంగు, దుమ్ము చేరి దారి మూయును. అందుచేతనే ట్రాలీ దీపముల దోషములలో తఱచుగా తప్పు బల్బుది గాక ఎర్తుదై యుండును.

లక్షణములనుబట్టి దోషము నెఱుగవచ్చును. ఒక్క దీపము మాత్రమే వెలుగకున్నచో దాని బల్బునందో, హోల్డరునందో, ఆ డబ్బా ఎర్తునందో దోషముండును. దీపములన్నియు ఒక్కసారి ఆఱినచో ఫ్యూజును, ప్లగ్గును, ప్రధానమైన ఎర్తును చూడవలెను. ఇండికేటరు వేయగా వెనుక దీపములుకూడ దానితోపాటు మిణుకుచున్నను, బ్రేకు నొక్కగా మిగిలిన దీపములు మసకబారినను, అది దాదాపుగా ఎర్తు దోషమే. తిరుగుదారి లేని విద్యుత్తు ప్రక్క బల్బుల గుండా దారి వెదకుకొనుచున్నదన్నమాట. గతుకులలో మాత్రమే ఆఱి వెలుగుచున్నచో ఎచ్చటనో అతుకు వదులైనది. ఇండికేటరు మిణుకు వేగము మాఱినచో ఆ వైపు బల్బు ఒకటి పోయియుండవచ్చును.

పరీక్ష వరుసగా చేయవలెను. మొదట ట్రాక్టరును దీపములు చక్కగా వెలుగు వేఱొక ట్రాలీకి తగిలించి చూడుడు. అచ్చటను వెలుగకున్నచో దోషము ట్రాక్టరు వైపున, వెలిగినచో ట్రాలీ వైపున ఉన్నట్లు తేలును. రెండవది, ప్లగ్గు పిన్నులను చూడుడు. ఆకుపచ్చని చిలుము పట్టియున్నచో స్విచ్చు ఆపి, గరుకు కాగితముతో మెఱయునట్లు రుద్ది, పలుచగా వాసెలైను పూయవలెను. మూడవది, పొడుగైన తీగ నొకదానిని తీసికొని ఒక కొనను బ్యాటరీ నెగెటివునకును, రెండవ కొనను దీపపు డబ్బా ఇనుమునకును తాకించుడు. దీపము వెంటనే నిండుగా వెలిగినచో దోషము ఎర్తునందే. తీగ పాజిటివునకు తగులకుండ జాగ్రత్త పడవలెను.

నాల్గవది, 12 వోల్టుల చిన్న బల్బునకు రెండు తీగలు కట్టిన పరీక్షాదీపము. ఒక తీగను బ్యాటరీ నెగెటివునకు తాకించి, రెండవదానిని హోల్డరులోని మొనకు తాకించినచో విద్యుత్తు అచ్చటివఱకు వచ్చుచున్నదో లేదో తెలియును. తీగల రంగులను మాత్రము నమ్మరాదు. పలుమార్లు పలుచేతులు అతికిన ట్రాలీలో ఏ రంగు ఏ పనికో చెప్పుట కష్టము. ఐదవది బల్బు. బ్రేకునకు 21 వాట్ల పోగును, వెనుక వెలుగునకు 5 వాట్ల పోగును ఒకే బల్బులో ఉండు రకము వాడుకలో కలదు. దాని ప్రక్కమొనలు ఒకే ఎత్తున ఉండవు. అది ఒకే విధముగా ఇమిడును. బలవంతముగా త్రిప్పి పెట్టినచో బ్రేకు వెలుగును, మామూలు వెలుగును తాఱుమాఱగును.

దోషము ఎర్తునందున్నచో శాశ్వతమైన మందు ఒక్కటే. కొక్కెమును నమ్ముకొనక, ప్లగ్గు ఎర్తు పిన్నునుండి రెండు దీపములవఱకు వేఱు తీగ లాగి, చట్రమునకును బోల్టుతో బిగింపవలెను. బోల్టు క్రింది రంగును ఇనుము కనబడువఱకు గీకవలెను. ఈ తీగ కడమ తీగలకంటె లావుగా నుండవలెను. ఏలయన రెండు బ్రేకు దీపములు 42 వాట్లు, రెండు వెనుక దీపములు 10, ఒక ఇండికేటరు 21, వెరసి 73 వాట్లు. 12 వోల్టుల లెక్కన దాదాపు 6 ఆంపియర్లు ఆ ఒక్క తీగ గుండనే తిరిగి రావలెను. ఎల్.ఇ.డి. దీపములు తక్కువ విద్యుత్తు త్రాగును, కుదుపులకు తట్టుకొనును; కాని వానికిని మంచి ఎర్తు అవసరమే.

ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నచో లావు తీగను చుట్టి పని జఱుపుట మహా ప్రమాదము. చట్రమునకు రాసుకొని తోలు ఊడిన తీగ ఎచ్చటనో ఇనుమును తాకుచున్నదని ఆ ఫ్యూజు చెప్పుచున్నది. దాని నోరు మూసినచో తీగ కాలును. పైన వరిగడ్డి యున్నచో వేఱుగ చెప్పవలసిన పని లేదు.

చేపల చెఱువుల రైతులు ట్రాలీపై పడవను తెచ్చి దింపునపుడు ట్రాలీ వెనుకభాగము నీటిలో మునుగుట కలదు. వేడెక్కిన బల్బుపై చల్లని నీరు పడినచో గాజు పగులును. ఉప్పునీరైనచో చిలుము మఱింత త్వరగా పట్టును. కావున నీటిలో దించుటకు ముందే ప్లగ్గు పీకి, దీపములను చల్లాఱనీయవలెను. ఇంతకంటె మేలైనది విడి పలక. ఒక చెక్కపలకకు దీపములను బిగించి, ఎర్తు తీగతోసహా పొడుగు తీగ నమర్చి, ప్రయాణమునకు ముందు పడవ వెనుక కొనకు కట్టుకొని, నీటియొద్ద విప్పివేయవలెను. గడ్డియు, చెఱకును వెనుకకు వ్రేలాడి దీపములను కప్పివేయునపుడును ఈ పలకయే ఉపాయము.

దారిలో దీపములు ఆఱినచో మలుపున గాని రోడ్డు నడుమ గాని నిలుపక, ఎడమ అంచు దాటించి ఆపవలెను. మెఱయు త్రికోణపు పలకను దాదాపు 50 మీటర్ల వెనుక నిలుపవలెను. రాళ్ళు పేర్చినచో పోవునపుడు తీసివేయుట మఱువరాదు. అవి మఱియొకని ప్రాణమునకు ముప్పు. మెఱుపు టేపు మంచిదే కాని దానికి స్వంత వెలుగు లేదు. మట్టి కప్పిన టేపు ఉండియు లేనట్లే. చీకటిలో వెనుక ఎఱ్ఱ దీపము వెలుగవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములును విధించుచున్నవి.

కోతలకు ముందు ఒక దినము నిర్ణయించి, సంఘపు ఆవరణములో సభ్యుల ట్రాలీలన్నిటిని వరుసగా నిలిపి దీపములు పరీక్షించుకొన్నచో ఎంత మేలు! ఒక పరీక్షాదీపము, కొన్ని బల్బులు, ఒక చుట్ట తీగ కలసి కొనుట ఏ సంఘమునకును భారము కాదు. ఒకని ట్రాలీ దీపము వెలుగుచున్నచో దాని మేలు వెనుక వచ్చువానికి. వాని దీపపు మేలు మనకు. పరస్పర సహాయమనగా ఇదియే గదా. ఈ సాయంకాలము ట్రాలీ కట్టుటకు ముందు సభ్యులు ఒక్కసారి వెనుకకు పోయి చూతురుగాక.