వడిసెల వంటి చేయి: బేస్‌బాల్ పిచర్ జీవితం

పల్నాడులో ఒకప్పుడు జొన్నచేలు కంకి వేసే రోజులలో మంచె మీద కావలివాడు, అతని చేతిలో వడిసెల ఉండేవి. వడిసెల చాలా చిన్న సాధనం. పేనిన తాడు, దాని నడుమ రాయి పెట్టేందుకు ఒక గూడు, అంతే. ఒక కొసను వేలికి తగిలించి, రెండవ కొసను పట్టుకొని గిరగిర తిప్పి, అదను చూసి ఆ కొసను వదలితే రాయి చేనికి ఆవలి గట్టున పడేది. వట్టి చేతితో విసిరిన రాయి అంత దూరం పోదు. తిరిగే వస్తువు వేగం అది ఎంత త్వరగా తిరుగుతున్నదనే దాని మీదనే కాక, కేంద్రం నుండి ఎంత దూరాన ఉన్నదనే దాని మీద కూడ ఆధారపడుతుంది. తాడు చేతిని పొడిగిస్తుంది. రాయి వేగం పెరుగుతుంది.

తాడు లేకుండా తన దేహాన్నే వడిసెలగా మార్చుకొనేవాడు ఒకడున్నాడు. అతడు బేస్‌బాల్ ఆటలో బంతి వేసేవాడు. అతనిని పిచర్ అంటారు. అమెరికా, జపాన్ దేశాలలో ఈ ఆటకు ఎంతో ఆదరణ ఉంది. పిచర్ 60 అడుగుల 6 అంగుళాల దూరం నుండి బంతి వేస్తాడు. బంతి బరువు సుమారు 145 గ్రాములు. క్రికెట్ బంతి కంటె కొంచెం తక్కువ. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి ఎదుటివాని బ్యాటును చేరడానికి సుమారు 0.4 సెకను చాలు. 2010లో అరోల్డిస్ చాప్‌మన్ వేసిన ఒక బంతి గంటకు 170 కిలోమీటర్ల వేగాన్ని అందుకొంది.

వేగం ఎక్కడి నుండి వస్తుంది?

ఇంత వేగం చేతి కండరాల బలమే అనుకోవడం పొరపాటు. దాని పుట్టుక కాళ్ళలో ఉంది. పిచర్ ఒక కాలెత్తి, రెండవ కాలితో నేలను నెట్టి ముందుకు పెద్ద అంగ వేస్తాడు. ముందరి పాదం నేలను తాకగానే మొదట నడుము తిరుగుతుంది, తరువాత రొమ్ము, ఆ తరువాత భుజం, మోచేయి, మణికట్టు, చివరకు వేళ్ళు. చెర్నాకోల ఝళిపించినప్పుడు పిడి దగ్గర నెమ్మదిగా మొదలైన కదలిక కొసకు పోయేసరికి ఎంత వేగవంతమవుతుందో ఇక్కడా అంతే. బరువైన భాగాలు తమ శక్తిని తేలికైన భాగాలకు అందిస్తాయి. చివరి ఘట్టంలో పై చేయి భుజం కీలులో సెకనుకు సుమారు 7,000 డిగ్రీల వేగంతో తిరుగుతుంది. మనిషి దేహం చేసే కదలికలలో అతి వేగవంతమైన వాటిలో ఇది ఒకటి.

మోచేతిలోని చిన్న పట్టీ

వడిసెల తాడు తెగితే మరొకటి పేనుకోవచ్చు. పిచర్ చేతి సంగతి అలా కాదు. మోచేతి లోపలి వైపున పై చేతిలోని భుజాస్థిని ముంచేతిలోని అరత్నితో కట్టి ఉంచే చిన్న పట్టీ ఒకటి ఉంది. ఎముకను ఎముకతో కలిపే ఇటువంటి పట్టీని సంధిబంధనం అంటారు. చేయి వెనుకకు వాలి ముందుకు దూసుకొనే క్షణంలో మోచేయి లోపలి వైపు విచ్చుకొనేటట్లు ఒత్తిడి పడుతుంది. వృత్తి ఆటగాళ్ళలో ఆ మెలి బలం సుమారు 64 న్యూటన్-మీటర్లని కొలిచారు. అయితే మృతదేహాల నుండి తీసి పరీక్షించిన పట్టీలు దాదాపు అందులో సగానికే తెగిపోయాయి!

మరి ప్రతి బంతికీ పట్టీ ఎందుకు తెగదు? చుట్టూ ఉన్న కండరాలు బిగిసి భారంలో పాలు పంచుకొంటాయి. కండరాలు అలసితే వాటి వంతు కూడ పట్టీ మీద పడుతుంది. పిచర్ జీవితమంతా ఈ లెక్క మీద నడుస్తుంది.

1974 వరకు ఈ పట్టీ తెగిన పిచర్‌కు ఆట ముగిసినట్లే. ఆ ఏడాది టామీ జాన్ అనే ఆటగానికి ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు కొత్త శస్త్రచికిత్స చేశాడు. ముంచేతి నుండి ఒక స్నాయువును, అనగా కండరాన్ని ఎముకకు కలిపే తాడును తీసి, తెగిన పట్టీ స్థానంలో కట్టాడు. జాన్ 1976లో తిరిగి ఆటకు వచ్చి 1989 వరకు ఆడాడు. ఆ చికిత్సకు అతని పేరే నిలిచింది. విద్యార్థులు ఆ స్నాయువును తమ చేతిలోనే చూడవచ్చు. బొటనవేలును చిటికెనవేలుతో తాకించి మణికట్టును కొంచెం లోపలికి వంచితే నడుమ తాడు వలె పైకి లేచేది అదే. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. అందువల్ల చేతిపనికి లోటేమీ రాదు.

నిచ్చెన మెట్లు

అమెరికాలో పిచర్ కాగోరే బాలుడు పాఠశాల జట్టుతో మొదలుపెడతాడు. తరువాత కళాశాల జట్టు. ఏటా వృత్తి జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకొంటాయి. ఎంపికైనవాడు వెంటనే పెద్ద జట్టులో చేరడు. చిన్న లీగులలో మెట్టు తరువాత మెట్టు ఎక్కాలి. ఎక్కువమంది ఆ మెట్ల మీదనే ఆగిపోతారు. శిఖరాన ఉన్నవి 30 జట్లు మాత్రమే.

కుమార్ రాకర్ కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఇతని తల్లి భారతదేశం నుండి వలస వెళ్ళిన కుటుంబానికి చెందినది; తండ్రి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. 1999లో పుట్టిన కుమార్ 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున ఒక పోటీలో ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడ ఇవ్వక 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ జట్టు అతనిని 10వ స్థానంలో ఎంచుకొంది. కాని వైద్య పరీక్షల తరువాత ఒప్పందం కుదరలేదు. ఆ ఏడే భుజానికి శస్త్రచికిత్స జరిగింది. 2022లో చిన్న స్వతంత్ర లీగులో ఆడి చేయి బాగున్నదని చూపాడు. టెక్సాస్ రేంజర్స్ 3వ స్థానంలో తీసుకొంది. 2023లో మోచేతి పట్టీ దెబ్బతిని టామీ జాన్ చికిత్స అవసరమైంది. చివరకు 2024 సెప్టెంబరు 12న పెద్ద లీగులో మొదటి బంతి వేశాడు. ప్రతిభలో లోటు లేదు. మూడేళ్ళు హరించినది చేయి.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఈటె విసిరే యువకులు. 2008లో ఒక పోటీలో రాణించి, పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకొన్నారు. వారు పెద్ద లీగును చేరలేదు. రింకూకు కూడ మోచేతి చికిత్స తప్పలేదు.

బంతులు లెక్కపెట్టాలి

అమెరికాలో 2006లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, చేయి అలసినా తరచు బంతులు వేసిన బాలురకు శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం ఇతరుల కంటె 36 రెట్లు ఎక్కువ. ఎదిగే వయసులో ఎముకల కొసలలో మృదులాస్థి పొరలుంటాయి. అవి ఎముక అంత గట్టివి కావు. అందుకే అక్కడి నియమాల ప్రకారం 11, 12 ఏళ్ళవారు రోజుకు 85 బంతులకు, 17, 18 ఏళ్ళవారు 105 బంతులకు మించి వేయరాదు. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పోటీలలో బంతి వేయడం మానాలని సలహా ఇస్తారు.

ఇది మనకు సంబంధించని విషయం కాదు. నరసరావుపేటలోనో మాచర్లలోనో పాఠశాల మైదానంలో బాగా వేసే కుర్రవాడొకడు దొరికితే ఉదయం నుండి సాయంత్రం వరకు బంతి అతని చేతిలోనే ఉంటుంది. క్రికెట్ బౌలర్ మోచేతిని అంతగా వంచడు గనుక అతని విషయంలో భారం భుజం మీద, నడుము ఎముకల మీద పడుతుంది. చిన్న వయసు ఫాస్ట్ బౌలర్లకు నడుము పూసలలో సన్నని పగుళ్ళు రావడం వైద్యులకు తెలిసిన సంగతి. చోటు మారినా సూత్రం ఒకటే. ఓవర్ల లెక్క ఒక కాగితం మీద రాసుకోవడం, నొప్పి అన్న పిల్లవానిని ఆ రోజుకు కూర్చోబెట్టడం, నొప్పి తగ్గకపోతే వైద్యునికి చూపించడం ఏ ఉపాధ్యాయునికైనా సాధ్యమైన పనులే. ఖర్చు లేని ఈ జాగ్రత్త ఒక చేతిని కాపాడగలదు.