చేరిన కుర్చీలోనే రిటైర్మెంటా?

మహబూబాబాద్ జిల్లా నర్సింహులపేటలో ఒక సర్కారు ఆఫీసు. అందులో పనిచేసే ఒక జూనియర్ అసిస్టెంటును ఊహించుకోండి. చిన్నప్పుడు పోలియో సోకిన కాలు. మూడు చక్రాల స్కూటీ మీద పది నిమిషాల్లో ఆఫీసు. సీనియారిటీ జాబితాలో పేరు పైకొచ్చింది, ప్రమోషన్ ఖాయం. అయితే అది జోనల్ క్యాడర్ పోస్టు. భద్రాద్రి జోన్ అంటే మహబూబాబాద్ ఒక్కటే కాదు; ఖమ్మం, కొత్తగూడెం, వరంగల్, హనుమకొండ కూడా. ఎక్కడ వేస్తారో తెలియదు. కింది అంతస్తులో అద్దె ఇల్లు దొరుకుతుందా? బస్సు మెట్టు అందుతుందా? కొత్త ఆఫీసు పై అంతస్తులో ఉంటే? నాలుగు రోజులు ఆలోచించి, పదోన్నతి వద్దని రాసిస్తారు. ఆ కాగితంలో ‘నా ఇష్టపూర్వకంగా’ అన్న మాట తప్పక ఉంటుంది.

నా బాధంతా ఆ మాటతోనే. మెట్లూ దూరాలూ కలిసి లాక్కున్నదాన్ని ఇష్టం అని ఎలా అంటాం?

చట్టం వైపు చూస్తే లోటు కనిపించదు. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో పదోన్నతి ఆపకూడదని 1995 చట్టంలోని 47వ సెక్షన్ చెప్పింది. 2016 చట్టం అదే మాటను 20వ సెక్షన్‌లో నిలిపి, నియామకాల కోటాను 3 నుంచి 4 శాతానికి పెంచింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే జీవో 42 ద్వారా పదోన్నతుల్లో 3 శాతం ఇచ్చారు. వంద పాయింట్ల రోస్టర్‌లో 6 అంధులకు, 31 బధిరులకు, 56 శారీరక వికలాంగులకు. సర్వీసులో ఉన్నవాళ్లకు ఈ మూడు అంకెలూ నోటికొచ్చు.

అయినా కోర్టుల చుట్టూ తిరగక తప్పలేదు. ప్రసార భారతి ఇంజనీర్ల కేసులో 2016లో సుప్రీంకోర్టు పై పోస్టుల్లోనూ కోటా ఉండాలంది. 2020లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. 2021లో కేరళ పోలీసు శాఖ ఉద్యోగిని ఒకరు గెలిచారు. కారుణ్య నియామకంలో వచ్చినా పదోన్నతి హక్కు పోదని కోర్టు తేల్చింది. ఆ తర్వాత, 2022 మేలో పదోన్నతుల కోటాపై కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అవి కూడా గ్రూప్-ఏలో అట్టడుగు మెట్టు దాకానే. ఆ పైన కోటా లేదు.

చూపులేని ఉద్యోగి కష్టం ఇంకోరకం. ఫోనే చదివి వినిపిస్తుంది కనుక యూనికోడ్ తెలుగులో ఉంటే ఏ ఉత్తర్వునైనా వినగలరు. ఆఫీసు గ్రూపులోకి వచ్చేది మాత్రం సంతకం, ముద్ర పడిన కాగితానికి తీసిన ఫొటో. ఫోన్ ‘ఇమేజ్’ అని ఊరుకుంటుంది. యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో కొట్టిన ఫైలైతే అర్థంలేని అక్షరాల మోత. సీనియారిటీ జాబితాపై అభ్యంతరాలకు ఇచ్చిన గడువు, దాన్ని చదివిపెట్టే తోటి ఉద్యోగి తీరిక చూసుకుని వచ్చేలోపు సగం కరిగిపోతుంది.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే పదోన్నతి సంగతి అటుంచి, ఉన్నది నిలబెట్టుకోవడమే యుద్ధం. తెలంగాణ ఆర్టీసీలో 2014లో చేరిన ఒక డ్రైవరుకు రంగులు గుర్తించే చూపు లేదని 2016 జనవరిలో ఇంటికి పంపారు. అలాంటి డ్రైవర్లకు వేరే పని చూపాలని 1979 నాటి కార్మిక ఒప్పందంలోనే ఉంది. ఆ పాత కాగితాన్ని పట్టుకునే 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎనిమిది వారాల్లో ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని, బకాయిల్లో 25 శాతం చెల్లించాలని తీర్పు చెప్పింది. మధ్యలో పోయింది తొమ్మిదేళ్లు.

ఇంకో అంకె చెప్పాలి. వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం ఉంటే కోటాకు అర్హత. టీచర్ల బదిలీల్లో ప్రాధాన్యం దక్కాలంటే మాత్రం 70 ఉండాలి. 55 శాతం ఉన్న టీచరమ్మ ఉద్యోగానికి వికలాంగురాలే, బదిలీకి కాదు. బస్సు మెట్టు ఎత్తు మాత్రం 70 ఉన్నవాళ్లకూ ఆమెకూ ఒకటే.

పదోన్నతి పోస్టింగ్ ఉత్తర్వు టైపు చేసే ముందు వైకల్యం ఉన్న ఉద్యోగికి ఒక ఫోన్ చేయవచ్చు. ఏ ఊళ్లో ఖాళీ ఉందో చెప్పి, ఎక్కడైతే వీలవుతుందని అడగవచ్చు. వెళ్లే చోట కుర్చీని కింది గదిలో వేయించవచ్చు. దానికి కొత్త జీవో అక్కర్లేదు. వద్దని రాసిచ్చిన కాగితం చేతికొచ్చినప్పుడు కూడా, దాన్ని సర్వీసు రిజిస్టర్‌లో అంటించే ముందు ‘ఎందుకు?’ అని పై అధికారి అడగాలి.