తోరణస్ఫటిక సభ

మయసభ పేరు వినని తెలుగువాడుండడు. నీరనుకొని స్ఫటికపు నేలమీద ఉత్తరీయం ఎత్తిపట్టుకొన్న సుయోధనుని, నేల అనుకొని మడుగులో పడిన సుయోధనుని మన బడిపిల్లలు కూడ ఎరుగుదురు. పద్యనాటకాలు, వాటి తరువాత చలనచిత్రాలు ఆ ఘట్టాన్ని ఇంటింటికీ చేర్చినవి. కాని సభాపర్వంలో రెండవ సభ ఒకటి ఉన్నది. దానిని తలచుకొనేవారు తక్కువ.

అసూయతో చిక్కిపోతున్న కుమారుని చూచి, శకుని మాట విని, ధృతరాష్ట్రుడు శిల్పులను పిలిపించినాడు. వేయి స్తంభాలు, నూరు ద్వారాలు, బంగారం, వైడూర్యాలు కూర్చి హస్తినాపురంలో ఒక సభ కట్టించినాడు. తోరణస్ఫటికమని వ్యాసుడు దానికి విశేషణం వేసినాడు. పని ముగియగానే విదురుడు ఇంద్రప్రస్థానికి బయలుదేరవలసి వచ్చినది. మీ సభకు దీటైన సభ ఇక్కడ లేచినది, తమ్ములతో వచ్చి చూడవలసినది, మిత్రభావంతో కాసేపు జూదమాడవలసినది అని ఆహ్వానం. పాండవులు వచ్చినారు. బంధువుల ఆదరం పొందినారు, భోజనం చేసినారు, ఆ రాత్రి హాయిగా నిద్రించినారు. తెల్లవారి వందిమాగధుల స్తోత్రాలకు మేలుకొని, నిత్యకర్మలు తీర్చుకొని సభలో అడుగుపెట్టినారు. తరువాతి కథ అందరికీ తెలిసినదే.

మయుడు కట్టినది కృతజ్ఞతకు గుర్తు. ఖాండవం తగులబడుతున్నప్పుడు అర్జునుడు తన ప్రాణం నిలిపినందుకు అతడు పదునాలుగు నెలలు శ్రమించి ఆ సభను సమర్పించినాడు. ధృతరాష్ట్రుడు కట్టించినది ఎర. అచ్చు మరొక చోటును పోలిన కట్టడం, అతిథిమర్యాద, మెత్తని పడక, మరునాడు పాచికలు: ఈ కూర్పు ఎంత పాతదో చూడండి. ఈనాడు దానికి కాసినో రిసార్టు హోటలని పేరు.

అమెరికాలోని నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టసమ్మతం చేసినది. మోజావే ఎడారిలోని లాస్ వేగస్ ఆ చట్టం నీడన పెరిగినది. తొలినాళ్ల హోటళ్లు ఎడారి పేర్లు, ఇసుక పేర్లు పెట్టుకొని తృప్తిపడినవి. 1990ల చివర కొత్త మోజు పుట్టినది, నగరాలకు నగరాలనే కట్టడం. 1997లో న్యూయార్కు, 1999 మే నెలలో వెనీస్, అదే ఏడు సెప్టెంబరులో పారిస్ ఆ ఎడారిలో వెలసినవి. పారిస్ హోటలు ముందు ఈఫిల్ గోపురం సగం కొలతకు నిలిచినది. దాని కాళ్లు కొన్ని సరాసరి జూదశాలలోకి దిగుతవి. ఒక చమత్కారం చెప్పుకోవాలి. ఈ హోటళ్లున్న వీథిలో చాలభాగం లాస్ వేగస్ నగరపు ఎల్లలకు వెలుపలిది. ఆ ప్రాంతం పేరు ప్యారడైజ్, అనగా స్వర్గం. నగరాలను అనుకరించిన భవనాలు ఏ నగరంలోనూ లేవన్నమాట.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు, ఊరినుంచి వచ్చిన తలిదండ్రులను గ్రాండ్ కాన్యన్ చూపడానికి తీసుకొనిపోతూ ఈ వీథిలో ఒకటి రెండు రాత్రులు బస చేయించడం పరిపాటి అయినది. అక్కడి బస ఎట్లుండును? వెనీషియన్ హోటలునే తీసుకొందాము. శాండ్స్ అనే పాత హోటలును 1996లో నేలకూల్చి, ఆ స్థలంలో షెల్డన్ ఆడెల్సన్ అనే సంపన్నుడు దీనిని కట్టించినాడు. అందులో కాలువ ఉన్నది, కాలువమీద వంతెనలున్నవి, గొండోలా పడవలున్నవి, పాటలు పాడే సరంగులున్నారు. కాని కాలువ మేడమీద. దాని క్రింది అంతస్తులో జూదశాల. కాలువపైన కప్పుకు ఆకాశం చిత్రించినారు. మధ్యాహ్నం చూచినా, నడిరేయి చూచినా అక్కడ సంజవేళే.

అచ్యుతాపురం మండలంలోని కొండకర్ల ఆవలో తాటిదోనె ఎక్కినవారికి ఈ తేడా చెప్పనక్కరలేదు. తొలిచిన రెండు తాటిబోదెలను జతకట్టి చేసిన దోనె అది. తామరతూళ్లు ఎక్కడ అడ్డుపడునో, గాలి ఎటు మళ్లునో దోనెవాడు చూచుకోవాలి. ప్రొద్దు వాలితే ఒడ్డుకు రావాలి. అక్కడ సూర్యుడు ఇంటికి పొమ్మంటాడు. హోటలు ఆకాశంలో ఆ మాట చెప్పేవాడు లేడు. ఇటువంటి జూదశాలల గోడలకు గడియారం ఉండదు, కిటికీ ఉండదు. గది తాళం తీసుకొన్న అతిథి ఎత్తుడుయంత్రం వద్దకు పోవాలన్నా, ఆకలైనవాడు భోజనశాలకు పోవాలన్నా, పలుచోట్ల దారి జూదపు బల్లల ప్రక్కనుంచే. డబ్బుకు మారుగా రంగురంగుల బిళ్లలు చేతికిస్తారు. బిళ్ల పోయినప్పుడు రూపాయి పోయినంత నొప్పి ఉండదు. పెద్ద పందేలు ఒడ్డేవారికి గదీ భోజనమూ ఉచితం. హస్తినాపురంలోనూ పాండవుల వద్ద బస ఖర్చు ఎవరూ పుచ్చుకోలేదు.

శకుని పాచికలలో మాయ ఉన్నదని మన జానపదులు కథలల్లినారు. రూలెట్ చక్రంలో ఏ మాయా లేదు. గణితం నేర్చిన విద్యార్థి ఎవరైనను లెక్క కట్టవచ్చును. అమెరికా చక్రంలో 1 మొదలు 36 వరకు అంకెలు, ఒక సున్న, ఒక జంట సున్న, మొత్తం 38 గళ్లు. గడికొక రూపాయి చొప్పున 38 రూపాయలు ఒడ్డినామనుకొందాము. ఏదో ఒక గడి తప్పక గెలుచును. గెలిచిన గడికి 35 రూపాయలు, ఒడ్డిన రూపాయి కలిపి చేతికి 36. రెండు రూపాయలు ఇంటివానివి, అనగా నూటికి 5.26. ఐరోపా చక్రంలో సున్న ఒకటే కనుక నూటికి 2.70. ఆ వెనీస్ అందమంతా, ఆ సంజకాంతి అంతా, ఈ రెండు రూపాయలు మళ్లీ మళ్లీ తిరిగేటంతసేపు మనిషిని అక్కడ కూర్చుండబెట్టడానికే.

మన రాష్ట్రంలో ఈ వ్యాపారానికి తావులేదు. 1974 నాటి జూదనిషేధ చట్టం ఉన్నది. సికిందరాబాదు క్లబ్బు ఒకదాని వ్యాజ్యంలో రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పినది గాని, అది కాసినోలకు తలుపు తెరువలేదు. పందెగాళ్లు గోవా దారి పట్టినారు. అక్కడ 1992లో అయిదు నక్షత్రాల హోటళ్లలో యంత్రాలకు, 1996లో నౌకలమీద ఆటలకు అనుమతి దొరికినది. ఆ తరువాత జూదశాల అరచేతి ఫోనులోకి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ 2020లోనూ, కేంద్రం 2025లోనూ దానిమీద చట్టాలు చేయవలసి వచ్చినది. పాచికలు లేని మాయానగరం మాత్రం మనకూ ఒకటి ఉన్నది. 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీలో వీథులకు ముందు గోడలే, వెనుక ఇండ్లుండవు. అక్కడి హోటలులో బసచేసినవాడు టిక్కెట్టు కొన్న మేరకే మోసపోతాడు. ఆ మోసం ముచ్చటైనది.

అనుకరణం అసలును ఎంతవరకు కమ్మివేయునో తపాలా శాఖ అనుభవం చెబుతుంది. అమెరికా తపాలావారు 2010 డిసెంబరులో స్వేచ్ఛాదేవి బిళ్ల విడుదల చేసినారు. ఆ ముఖం న్యూయార్కు రేవులోని విగ్రహానిది కాదు, లాస్ వేగస్ హోటలు ముందరి విగ్రహానిది. కొన్ని నెలలకుగాని పొరపాటు బయటపడలేదు. దానిని చెక్కిన శిల్పికి 35 లక్షల డాలర్లు చెల్లించవలెనని 2018లో తీర్పు వచ్చినది.

ఇక అసలు వెనీస్ సంగతి. అది కూడ జూదానికి కొత్తది కాదు. 1638లో ఆ గణరాజ్యమే రిడోట్టో పేర జూదగృహం తెరచినది. ముసుగులు ధరించి ఆడినారు. ప్రభువంశాలు దివాలా తీయగా 1774లో మూసివేసినారు. హోటలులో నకలు తీసిన ఘంటాగోపురానికి మూలమైన సెయింట్ మార్క్ గోపురం సైతం 1902లో కూలి, 1912లో తిరిగి లేచినదే. అయితే ఆ గోపురం క్రింద మనుష్యులు కాపురముండేవారు. 1951లో పాత నగరంలో సుమారు 1,75,000 మంది. 2022 నాటికి 50,000 కూడ లేరు. ఇండ్లు యాత్రికుల బసలైనవి. పగలు వచ్చి పోయేవారికి 2024 ఏప్రిలునుంచి కొన్ని దినాలలో 5 యూరోల ప్రవేశరుసుము పెట్టినారు. ఆడెల్సన్ వెనీస్‌ను హోటలుగా మార్చడానికి ఎడారిలో అంత వ్యయం చేసినాడు. వెనీస్ ఆ పని తనంత తానే చేసుకొంటున్నది. ఆ హోటలు నకలుకు మళ్లీ నకలు 2007లో చైనా తీరాన మకావులో లేచినది.

విదురుడు ఆహ్వానం వినిపించినప్పుడు ధర్మరాజుకు సందేహం రాకపోలేదు. జూదం కలహానికి మూలమని అతడే అన్నాడు. సభ ఎట్లున్నదని అడగలేదు, స్తంభాలెన్ని అని అడగలేదు. అక్కడ ఆడేవారెవరని అడిగినాడు. విదురుడు దాచలేదు. శకుని, వివింశతి, చిత్రసేనుడు, సత్యవ్రతుడు, పురుమిత్రుడు, జయుడు అని పేరు పేరున చెప్పినాడు. అంతా విని, పిలిచినప్పుడు రానంటే ధర్మం కాదని, ధర్మరాజు ప్రయాణసన్నాహానికి ఆజ్ఞ ఇచ్చి మరునాడే బయలుదేరినాడు.