నోరు విప్పే ముందు హక్కు చెప్పాలా?

ఉగ్రవాద కేసుల్లో నిందితుణ్ని ప్రశ్నించే ముందు అతని హక్కులు చెబితే దర్యాప్తు దెబ్బతింటుందంటారు పోలీసులు. చెప్పకపోవడం వల్ల దెబ్బతిన్న కేసులు మాత్రం మన కోర్టు రికార్డుల్లోనే ఉన్నాయి.

పార్లమెంటుపై దాడి జరిగి అప్పటికి ఎనిమిది రోజులు. దేశమంతా ఆగ్రహంతో ఊగిపోతోంది. సరిహద్దులకు సైన్యం కదులుతోంది. 2001 డిసెంబర్ 21న ఢిల్లీ పోలీసు స్పెషల్ సెల్ డీసీపీ ఎదుట అఫ్జల్ గురు, షౌకత్ హుస్సేన్ నేరం ఒప్పుకున్నట్టు వాంగ్మూలాలు నమోదయ్యాయి. అప్పటికి పోటా ఇంకా ఆర్డినెన్సు రూపంలోనే ఉంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కూడా సాక్ష్యంగా చెల్లుతుందన్నది దాని ప్రత్యేకత. ఇంకేముంది, కేసు గట్టిపడినట్టేనని అంతా అనుకున్నారు.

నాలుగేళ్లు తిరగకుండానే ఆ వాంగ్మూలాలను సుప్రీంకోర్టు పక్కన పెట్టేసింది. 2005 ఆగస్టు 4న వెలువడిన తీర్పు అది. ధర్మాసనానికి నేతృత్వం వహించినది ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి. నేరం ఒప్పుకునే ముందు ఆలోచించుకోవడానికి నిందితులకు ఇచ్చిన వ్యవధి ఐదో పదో నిమిషాలని, అది ఏ మూలకూ చాలదని కోర్టు తేల్చింది. న్యాయవాదిని సంప్రదించుకునే హక్కు ఉందని స్టేషన్‌కు తీసుకురాగానే నిందితుడికి చెప్పాలని పోటా 52వ సెక్షన్ స్పష్టంగా అంటోంది. అది చెప్పలేదు. ఇంట్లోవాళ్లకు కబురు పెట్టాలన్న నిబంధనా అమలు కాలేదు. వాంగ్మూలం ఇచ్చాక నిందితుణ్ని జ్యుడీషియల్ కస్టడీకి పంపాలి. తిరిగి పోలీసుల చేతికే అప్పగించారు.

అఫ్జల్‌కు శిక్ష పడలేదా అంటే పడింది. ఫోన్ రికార్డులు, స్వాధీనం చేసుకున్న వస్తువులు, ఇతర సాక్ష్యాల ఆధారంగా మరణశిక్షను సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2013 ఫిబ్రవరి 9న తీహార్ జైల్లో ఉరి తీశారు. షౌకత్ మరణశిక్ష పదేళ్ల జైలుగా తగ్గింది. కింది కోర్టులో మరణశిక్ష పడిన ఢిల్లీ విశ్వవిద్యాలయం అధ్యాపకుడు ఎస్.ఎ.ఆర్. గిలానీని హైకోర్టు 2003లోనే నిర్దోషిగా వదిలేసింది. సుప్రీంకోర్టూ దాన్నే సమర్థించింది. గమనించాల్సిందేమిటంటే, కేసులో నిలబడింది దర్యాప్తు అధికారులు బయట సేకరించిన సాక్ష్యం. కూలిపోయింది గదిలో రాబట్టిన మాట.

ఉగ్రవాద నిందితుడికి హక్కులేమిటి అని టీవీ చర్చల్లో గొంతు చించుకునేవారు ఈ తీర్పును ఎంత తక్కువగా ప్రస్తావిస్తారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

హక్కులు చదివి వినిపించడమనేది అమెరికా నుంచి ప్రపంచానికి తెలిసిన ముచ్చట. 1966లో మిరాండా కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. నువ్వు మౌనంగా ఉండొచ్చు, నువ్వు చెప్పేది నీ మీదే ప్రయోగించవచ్చు, న్యాయవాదిని పెట్టుకోవచ్చు, స్తోమత లేకపోతే ప్రభుత్వమే ఇస్తుంది అని పోలీసు చెప్పాలి. హాలీవుడ్ సినిమాల పుణ్యమా అని ఆ నాలుగు వాక్యాలు మన కుర్రాళ్లకూ కంఠతా వచ్చు. అయితే 1984లో అదే కోర్టు ఒక మినహాయింపు ఇచ్చింది. ప్రజల భద్రతకు తక్షణ ముప్పు ఉంటే ముందు ప్రశ్నలు అడగవచ్చు, ఆ జవాబులు సాక్ష్యంగానూ చెల్లుతాయి.

ఆ మినహాయింపు చుట్టూ అసలు రగడ 2009 క్రిస్మస్ రోజున మొదలైంది. డెట్రాయిట్‌లో దిగబోతున్న విమానంలో లోదుస్తుల్లో దాచిన బాంబు పేల్చబోయిన నైజీరియా యువకుడు ఉమర్ ఫరూక్ అబ్దుల్‌ముతల్లబ్‌ను ఎఫ్‌బీఐ సుమారు 50 నిమిషాలు ప్రశ్నించింది. తర్వాత హక్కులు చదివి వినిపించగానే అతను నోరు మూసుకున్నాడు. రిపబ్లికన్ నాయకులు ఒబామా ప్రభుత్వంపై విరుచుకుపడ్డారు. అయితే కథ అక్కడితో ఆగలేదు. కుటుంబ సభ్యులను రప్పించాక కొద్ది వారాల్లోనే అతను మళ్లీ మాట్లాడాడు. 2011లో నేరం ఒప్పుకున్నాడు. మర్నాటి ఏడు యావజ్జీవం పడింది. 2010 మేలో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో కారు బాంబు పెట్టిన ఫైజల్ షహజాద్‌ది మరో తీరు. హక్కులు వినిపించాక కూడా అతను చెప్పుకుంటూనే పోయాడు. 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల నిందితుడు జోఖర్ సర్నాయెవ్‌ను గాయాలతో ఆసుపత్రిలో ఉండగానే గంటల తరబడి ప్రశ్నించారు. చివరికి మెజిస్ట్రేటే మంచం దగ్గరికి వచ్చి హక్కులు చెప్పాల్సి వచ్చింది. హక్కులు తెలిస్తే నోరు మూసుకుంటాడన్నది ఒక అంచనా. ఈ మూడు కేసుల్లో ప్రతిసారీ అది నిజం కాలేదు.

మరి మన దగ్గర? రాజ్యాంగం 20(3) అధికరణ ప్రకారం ఎవరినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. 22(1) ప్రకారం అరెస్టుకు కారణం చెప్పాలి, న్యాయవాదిని సంప్రదించుకోనివ్వాలి. అంటే మిరాండా అక్కడి కోర్టు అల్లిన రక్షణ అయితే, మనది రాజ్యాంగమే రాసిన రక్షణ. చిక్కు ఎక్కడంటే హక్కు ఉండటం వేరు, ఆ హక్కు ఉందని నిందితుడికి తెలియజేయడం వేరు. 1978లో ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ మిరాండా స్ఫూర్తిని మన చట్టంలోకి తెచ్చే ప్రయత్నం చేశారు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 11 మార్గదర్శకాలు ఇచ్చింది. అరెస్టయిన సంగతి బంధువుకో మిత్రుడికో తెలపాలని, ఆ హక్కు ఉందని నిందితుడికి చెప్పాలని అందులో ఉంది. మౌనంగా ఉండవచ్చని పోలీసు చెప్పాలన్న మాట మాత్రం ఆ పదకొండింటిలో లేదు.

ఈ ప్రశ్న నేరుగా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది కసబ్ కేసులోనే. 2008 నవంబర్ 26 రాత్రి పోలీసు తుకారాం ఓంబ్లే తన ఒంట్లోకి తూటాలు దిగుతున్నా తుపాకీ వదలకుండా పట్టుకోవడంతో చౌపాటీ దగ్గర కసబ్ ప్రాణాలతో చిక్కాడు. తాజ్, ఒబెరాయ్, నారిమన్ హౌస్‌లలో కాల్పులు ఇంకా సాగుతున్నాయి. ఆ గంటలో నాయర్ ఆసుపత్రిలో కసబ్‌ను ప్రశ్నిస్తున్న అధికారి ముందుగా హక్కుల జాబితా చదవాలని ఎవరైనా అంటే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. హక్కులు చదవకూడదనేవారి వాదనలో బలమైన ఘట్టం ఇదే. దాన్ని తేలిగ్గా తీసేయలేం.

అయితే కోర్టులో చెల్లిన వాంగ్మూలం ఆ రాత్రి చెప్పింది కాదు. 2009 ఫిబ్రవరిలో మెజిస్ట్రేట్ ముందు, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇచ్చి, చెప్పింది నీ మీదే వాడతారని హెచ్చరించి నమోదు చేసినది. 2012 ఆగస్టు 29న జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ సి.కె. ప్రసాద్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పోలీసు ముందు చేసిన నేరాంగీకారం మన సాక్ష్య చట్టం ప్రకారం ఎలాగూ చెల్లదు, మెజిస్ట్రేట్ హెచ్చరిక తప్పనిసరి కాబట్టి మిరాండా తరహా సూత్రాన్ని అరువు తెచ్చుకోనక్కర్లేదని చెప్పింది. అదే తీర్పులో మరో మాటా ఉంది. మొదటిసారి హాజరుపరిచినప్పుడు న్యాయవాదిని పెట్టుకునే హక్కు ఉందని, స్తోమత లేకపోతే ప్రభుత్వమే ఇస్తుందని నిందితుడికి చెప్పడం ప్రతి మెజిస్ట్రేట్ విధి. చెప్పకపోతే శాఖాపరమైన చర్యకు గురికావలసి వస్తుంది.

తర్కం బాగానే ఉంది. చిక్కంతా కాలక్రమంలోనే. హెచ్చరిక వచ్చేది చివర్లో. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద నిందితుణ్ని 30 రోజుల వరకు పోలీసు కస్టడీలో ఉంచవచ్చు. ఛార్జిషీటు వేయడానికి 180 రోజుల దాకా గడువు పొందవచ్చు. అన్నాళ్లు లాకప్‌లో గడిపాక మెజిస్ట్రేట్ వచ్చి నువ్వు మాట్లాడనక్కర్లేదు అంటే ఆ మాటకు ఎంత బరువు ఉంటుంది? పైగా పోలీసులతో చెప్పినది పూర్తిగా చెల్లదనీ కాదు. నిందితుడు చెప్పిన సమాచారంతో ఆయుధమో పేలుడు పదార్థమో దొరికితే, దానికి సంబంధించినంత మేరకు ఆ మాట సాక్ష్యమే. అందుకే లాకప్‌లో మొదటి గంటలకు అంత గిరాకీ.

ఇక్కడో విడ్డూరం చెప్పుకోవాలి. మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం గంజాయి కోసం ఎవరి ఒళ్లయినా తడమాలంటే, గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేట్ ఎదుట సోదా కోరే హక్కు నీకుందని ముందు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆ సోదాలో దొరికిన సరుకు మీదే ఆధారపడిన శిక్ష నిలవదని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. విశాఖ మన్యం దారుల్లో జేబులో పొట్లంతో దొరికిన కూలీకి హక్కు చెప్పడం తప్పనిసరి. ఉరికంబం ఎక్కే అవకాశమున్న కేసులో నిందితుడికి మౌనహక్కు గురించి చెప్పనవసరం లేదు!

చెప్పకపోవడానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో చూద్దాం. 2002 సెప్టెంబర్‌లో గాంధీనగర్ అక్షరధామ్ ఆలయంపై దాడి జరిగింది. 30 మందికి పైగా చనిపోయారు. పోటా కింద నమోదైన నేరాంగీకారాలే కేసుకు వెన్నెముక. ఆరుగురికి శిక్షలు పడ్డాయి, అందులో మూడు మరణశిక్షలు. 2014 మే 16న, దేశమంతా లోక్‌సభ ఫలితాలు చూస్తున్న రోజున, సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. నేరాంగీకారాలు చెల్లవంది. అప్పటికి దాదాపు 11 ఏళ్లు గడిచాయి. 2006 జూలైలో 180 మందికి పైగా ప్రాణాలు తీసిన ముంబై లోకల్ రైళ్ల పేలుళ్ల కేసులో 2025 జూలై 21న బొంబాయి హైకోర్టు 12 మందినీ వదిలేసింది. అక్కడా చిత్రహింసలు, నమ్మదగని నేరాంగీకారాల సంగతే. ఆ తీర్పును ఇతర కేసుల్లో పూర్వప్రమాణంగా తీసుకోరాదని సుప్రీంకోర్టు మూడు రోజుల్లోనే స్టే ఇచ్చింది గాని, విడుదలైనవారిని తిరిగి జైలుకు పంపలేదు. పేలుళ్లలో ఆప్తుల్ని పోగొట్టుకున్న కుటుంబాలకు 19 ఏళ్ల తర్వాత దక్కినదేమిటి? ఎవరు చేశారో తెలియని కేసు.

హైదరాబాద్‌కు ఇది పరాయి ముచ్చట కాదు. 2007 మే 18న మక్కా మసీదు పేలుడులో తొమ్మిది మంది, ఆపై పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో యువకులను పట్టుకెళ్లారు. కస్టడీలో చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ విచారణ చేయించింది. దర్యాప్తు తర్వాత వేరే దిక్కుకు మళ్లింది, ఆ యువకులు కేసుల నుంచి బయటపడ్డారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 70 మందికి 70 లక్షల రూపాయల పరిహారం మంజూరు చేసింది. నిర్దోషులుగా తేలిన 20 మందికి తలా 3 లక్షలు, ప్రశ్నించి వదిలేసిన 50 మందికి తలా 20 వేలు. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వునూ కొట్టేసింది. 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు రెండో విడత నిందితులనూ వదిలేసింది. మక్కా మసీదులో బాంబు పెట్టినవారెవరో కోర్టు రికార్డు ప్రకారం ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఒక్క హెచ్చరిక వినిపిస్తే ఇవన్నీ ఆగేవా? ఆగేవని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొట్టదలచుకున్నవాడు హక్కులు చదివి కూడా కొడతాడు. కాకపోతే హక్కు చెప్పినట్టు తేదీ, సమయంతో రాసి సంతకం తీసుకోవాల్సి వస్తే, న్యాయవాది ఎప్పుడొచ్చాడో నమోదు చేయాల్సి వస్తే, ఆ మొదటి గంటలు చీకట్లో ఉండవు. నిజాయితీగా పనిచేసిన అధికారికీ అదే రక్ష.

మరి ముంబై లాంటి రాత్రి మాటేమిటి? లండన్‌లో 2005 జూలై 21న పేలని బాంబుల కేసు దీనికి దారి చూపుతుంది. ముగ్గురు నిందితులను న్యాయవాది లేకుండానే పోలీసులు అత్యవసరంగా ప్రశ్నించారు. ఇంకెక్కడైనా బాంబులు ఉన్నాయేమో తెలుసుకోవాలి కాబట్టి అది సబబేనని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2016లో చెప్పింది. నాలుగో వ్యక్తి సాక్షిగా వచ్చాడు. అతని మాటలు అతన్నే ఇరికిస్తున్నాయని తెలిసీ హెచ్చరించకుండా ప్రశ్నించుకుంటూ పోయారు. ఆ ఒక్కడి విషయంలో విచారణ అన్యాయమని అదే కోర్టు తేల్చింది. అంటే ప్రాణాలు కాపాడే ప్రశ్న అడగవచ్చు. ఆ పేరుతో మనిషిని ఉచ్చులోకి లాగకూడదు. మన చట్టానికీ ఇలాంటి గీత గీయడం కష్టమేమీ కాదు. బాంబు ఎక్కడుందో అడగండి, ఆ జవాబును కేసులో వాడకండి, మిగతా ప్రశ్నలకు ముందు హక్కు చెప్పండి.

కోర్టులు ఈమధ్య కొంత కదిలాయి. న్యూస్‌క్లిక్ వ్యవస్థాపకుడు ప్రబీర్ పురకాయస్థను 2023 అక్టోబర్‌లో ఉపా కింద అరెస్టు చేసి, ఆయన న్యాయవాదికి ముందుగా చెప్పకుండానే తెల్లవారుజామున జడ్జి ఎదుట హాజరుపరిచారు. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వలేదు కాబట్టి ఆ అరెస్టే చెల్లదని 2024 మే 15న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2025 నవంబర్ 6న మిహిర్ షా కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. నేరం ఏదైనా సరే, కారణాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలి, వెంటనే వీలుకాకపోతే రిమాండుకు హాజరుపరిచే ముందు కనీసం రెండు గంటలకైనా ఇవ్వాలి. తెలుగు తప్ప మరో భాష రానివాడికి ఆంగ్ల ప్రతి చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే ఇక కుదరదన్నమాట.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 38వ సెక్షన్ ప్రకారం ప్రశ్నించే సమయంలో నిందితుడు న్యాయవాదిని కలుసుకోవచ్చు, కాకపోతే విచారణ సాగినంత సేపూ కాదు. పాత నేర శిక్షాస్మృతిలోనూ ఇదే వాక్యం ఉండేది. ఆ సంగతి నిందితుడికి ఎవరు, ఎప్పుడు చెప్పాలో ఆ సెక్షన్‌లో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.