సమస్య ఉంటేనే పూరణ

రాయాలన్న ఉబలాటంతో మొదలుపెట్టిన యువతలో చాలామంది రెండు మూడేళ్ళకే కలం పక్కన పెట్టేస్తారు. చదువులు, ఉద్యోగాల వేట కొంత కారణం. అంతకన్నా పెద్ద కారణం రాతలోనే ఉంటుంది. తొలి కవితలు, తొలి కథలు అప్పటిదాకా మనసులో పేరుకున్న అనుభవం నుంచి వాటంతటవే వచ్చేస్తాయి. స్నేహితులు బాగున్నాయంటారు. ఆ నిల్వ అయిపోయాక కొత్తగా ఏం రాయాలో తోచదు, రాసినా పాతదానిలాగే ఉంటుంది. ఈలోగా పాఠకుడిగా అభిరుచి పెరుగుతుంది. రావిశాస్త్రినో చాసోనో చదివిన కళ్ళతో తన కథ చూసుకుంటే తనకే నచ్చదు. తనకు ప్రతిభ లేదని యువ రచయిత తీర్మానించుకునేది సరిగ్గా ఇక్కడే. ఆ తీర్మానం తప్పు. తన రాతలో లోపం తనకు కనబడుతోందంటే చూపు పదునెక్కిందని అర్థం; చేతికి ఇంకా సాధన కావాలి, అంతే.

ఈ ఘట్టం పెద్ద రచయితలకూ తప్పలేదు. కాళీపట్నం రామారావు తొలి రోజుల్లో కథలు రాసి, వాటిమీద అసంతృప్తితో కొన్నేళ్ళు రాయడమే ఆపేశారు. మళ్ళీ కలం పట్టాక 1960లలో వచ్చిన ‘యజ్ఞం’ మీద జరిగినంత చర్చ తెలుగులో చాలా తక్కువ కథల మీద జరిగింది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. అప్పటికే అది వేదిక మీద పేరు తెచ్చుకున్న నాటకం. అయినా ఆయన దాన్ని అలా వదిలిపెట్టలేదు. బాగా పెంచి, దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాసి 1909లో మళ్ళీ ప్రచురించారు. ఈనాడు తెలుగువాళ్ళు చదివేది, ఆడేది ఆ రెండో కూర్పునే. మెప్పు పొందిన రచనను మళ్ళీ విప్పి చూసుకోవడానికి కావలసిన గుండెనిబ్బరం కొత్తది మొదలుపెట్టడానికి అక్కర్లేదు. యువ రచయితలు ఎక్కువగా తప్పించుకునే పనీ ఇదే.

ఏం రాయాలో తోచని స్థితికి తెలుగులో పాత మందే ఉంది. సభలో ఆశువుగా పద్యాలు చెప్పే అవధానంలో కవికి ‘నీ ఇష్టం వచ్చింది చెప్పు’ అనరు. నిషిద్ధాక్షరిలో ప్రశ్న వేసే పృచ్ఛకుడు ఒక విషయం ఇచ్చి పద్యం చెప్పమంటాడు. అవధాని ఒక అక్షరం పలకగానే, తర్వాత ఏది రాబోతోందో పృచ్ఛకుడు ఊహించి దాన్ని నిషేధిస్తాడు. అవధాని ‘శ్రీ’ అంటే, ‘రాముడు’ వస్తాడనుకుని ‘ర’కారం కూడదంటాడు. అవధాని అప్పటికప్పుడు వేరే మాట వెతుక్కోవాలి. అలవాటైన దారి మూసుకుపోవడం వల్లనే మామూలుగా తట్టని మాట తడుతుంది. దత్తపదిలో పొంతన లేని నాలుగు మాటలిచ్చి అడిగిన విషయంలో పొదగమంటారు. సమస్యాపూరణంలో అర్థం లేనట్టో అసభ్యంగానో కనిపించే పాదమిచ్చి, మిగతా పాదాలతో దాన్ని సబబు చేయమంటారు. కావ్యాల్లోనూ ఇలాంటి పంతాలున్నాయి. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రామాయణ, భారత కథలను ఒకే పద్యాల్లో నడిపించాడు. ఆ కాలానికే చెందిన పొన్నికంటి తెలగన్న సంస్కృత పదాల జోలికి పోకుండా అచ్చతెలుగులో ‘యయాతి చరిత్ర’ రాశాడు.

ఛందస్సు రానివారు కూడా ఈ పద్ధతిని వచనానికి తెచ్చుకోవచ్చు. రేషన్ కార్డు, సన్నజాజులు, పంక్చర్ షాపు: ఈ మూడూ అతికినట్టు కనబడకుండా ఒక పేజీలో ఇమడాలని షరతు పెట్టుకుంటే కథకు సగం దారి దొరుకుతుంది. నిషేధం ఇంకా గట్టి సాధన. అమ్మమ్మకు కోపం వచ్చిన సన్నివేశాన్ని కోపం, చిరాకు, మండిపాటు వంటి మాటలేవీ వాడకుండా రాయాలనుకుందాం. ‘అమ్మమ్మకి చాలా కోపం వచ్చింది’ అనే వాక్యం చెల్లదు. కాసేపు తన్నుకులాడాక, ‘కోడలు తోమి బోర్లించిన గిన్నెలన్నీ అమ్మమ్మ మళ్ళీ పెరట్లోకి తీసుకెళ్ళి తోమడం మొదలుపెట్టింది’ అని వస్తుంది. కోపంతో పాటు ఆ ఇంటి సంగతి కూడా పాఠకుడికి తెలిసిపోయింది. ఒకే గొడవను తండ్రి, కూతురు, ఎదురింటావిడ నోట మూడుసార్లు చెప్పించడం మరో సాధన. ఎవరి యాస, ఎవరి సాకు వారికి రావాలి. ఏ షరతైనా సులువైపోయిందంటే దాన్ని మార్చాల్సిందే. చేతనైనదానికన్నా పని కాస్త బరువుగా ఉన్నంతకాలం విసుగు దరిచేరదు. మరీ బరువైతే మాత్రం చేయి పడిపోతుంది. ఇరవై ఏళ్ళకే మూడు తరాల నవల మొదలుపెట్టి నలభై పేజీల దగ్గర ఆగిపోయేవారి చిక్కు అదే.

రాసినదాన్ని చదివి నిజం చెప్పే మనిషి ఒకరైనా ఉండాలి. ఫోనులో వచ్చే లైకులు ఆ పని చేయవు. ‘మూడో పేరా దగ్గర ఆగిపోయాను’ అనగలిగిన పాఠకుడు వంద పొగడ్తల పెట్టు. పత్రిక నుంచి కథ తిరిగొస్తే కొన్నాళ్ళు పక్కన పెట్టి, మళ్ళీ చదివి, దిద్ది మరోచోటికి పంపడం మంచిది.

గుర్తింపు కూడా కొంత ఊతమిస్తుంది. కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి 35 ఏళ్ళలోపు రచయితలకు యువ పురస్కారం ఇస్తోంది. 2024లో తెలుగుకు ఆ పురస్కారం రమేశ్ కార్తీక్ నాయక్ కథల సంపుటి ‘ఢావ్లో’కు దక్కింది. అది బంజారాల జీవితం మీద రాసిన పుస్తకం. తన తండా, తనవాళ్ళ మాట అతనికి వస్తువులయ్యాయి. ఏ ఊరివారికైనా ఆ ఊరే తరగని సరుకు.

ఇక చదువుకోవడానికి పుస్తకాల్లేవనే సాకు ఈ తరానికి చెల్లదు. 1995లో ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి అకాడమీ అవార్డు అందుకున్న కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయాన్ని స్థాపించి, తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చే పని మొదలుపెట్టారు. పాత పత్రికల్లో చెల్లాచెదురైపోయిన కథలు వేల సంఖ్యలో కథానిలయం వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.