అనంతపురం - బెంగుళూరు రహదారి

అనంతపురం - బెంగుళూరు రహదారి, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని రాయలసీమ ప్రాంతంలో అనంతపురం నగరం నుండి దక్షిణంగా కర్ణాటక సరిహద్దు మీదుగా బెంగుళూరు వరకు పోవు ప్రధాన మార్గం. ఇది శ్రీనగర్ - కన్యాకుమారి 44వ నెంబరు జాతీయ రహదారిలో ఒక భాగం. పూర్వం దీనిని 7వ నెంబరు జాతీయ రహదారి అనేవారు. పెద్దలు నేటికీ "ఏడో నెంబరు రోడ్డు" అనియే వ్యవహరించుట కద్దు. వర్షాభావానికి పేరుపడిన ఈ పీఠభూమిలో ఈ రోడ్డు చరిత్ర కరువు చరిత్రతోను, ఇటీవలి కాలంలో వరదల చరిత్రతోను పెనవేసుకొని ఉన్నది.

ఉనికి

హైదరాబాదు నుండి కర్నూలు, గుత్తి, పామిడి, గార్లదిన్నెల మీదుగా వచ్చు జాతీయ రహదారి సోములదొడ్డి వద్ద అనంతపురం నగర శివారును చేరుతుంది. అక్కడి నుండి తపోవనం, రుద్రంపేట పరిసరాలను దాటి, రాప్తాడు, మరూరు, చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, పాలసముద్రం మీదుగా కొడికొండ చెక్‌పోస్టు చేరుతుంది. ఆ తరువాత కర్ణాటకలోని బాగేపల్లి వస్తుంది. అనంతపురం నుండి బెంగుళూరుకు దూరం సుమారు 210 కి.మీ. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత ఈ మార్గంలో చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, చిలమత్తూరు మండలాల భాగం శ్రీ సత్యసాయి జిల్లాలోనికి వచ్చినది.

నేల స్వభావం

ఈ మార్గం ఎందుకు ఇక్కడనే ఏర్పడినదో తెలియుటకు నేలను గమనించవలెను. అనంతపురానికి ఉత్తరాన గుత్తి, తాడిపత్రి ప్రాంతాలలో నల్లరేగడి ఎక్కువ. వాన పడినప్పుడు ఆ నేల ఉబ్బి, బండి చక్రాలు ఇరుసు వరకు దిగబడతాయి. దక్షిణాన ఉన్నది గ్రానైటు రాతిపై పరచుకొన్న గరప, ఎర్ర నేల. ఇది వానకు త్వరగా ఆరిపోతుంది, రోడ్డుకు కావలసిన రాయి ప్రక్క గుట్టలలోనే దొరుకుతుంది. అందువలన దక్షిణ భాగంలో బండ్ల బాట వేయుట సులభమైనది.

సాలుకు సగటున సుమారు 550 మి.మీ. వర్షం మాత్రమే పడు ఈ ప్రాంతంలో, పడిన వాన కూడా కొద్ది రోజులలోనే కుండపోతగా పడుట సాధారణం. ఏడాదిలో అధిక భాగం ఎండి ఉండు వంకలు ఒక్క రాత్రిలో పొంగి పొర్లుతాయి. రోడ్డు నిర్మాణంలో అసలు కష్టం ఈ వంకలను దాటించుటలోనే ఉన్నది.

పూర్వ చరిత్ర

అనంతపురం పుట్టుకే చెరువుతో ముడిపడినది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరు వంకకు అడ్డుగా చెరువు కట్టించెననియు, దాని ఇరు కొనల వద్ద బుక్కరాయసముద్రం, అనంతసాగరం అను గ్రామాలు వెలసెననియు చెబుతారు. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత పెనుకొండ విజయనగర రాజధాని అయినది. గుత్తి, పెనుకొండ దుర్గాలు రెండూ నేటి రహదారి ప్రక్కనే ఉండుట గమనింపదగిన విషయం.

ఆ కాలంలో సరుకు రవాణా ఎక్కువగా ఎద్దుల పెరికల మీదనే జరిగేది. ధాన్యం, ఉప్పు మొదలగు వాటిని లంబాడీలు వందలాది ఎద్దులపై మోయించుకొని పోయేవారు. వారికి కంకర రోడ్డు అవసరం లేదు. దారిలో నీరు, పశువుల మేత ఉంటే చాలు. కనుక అప్పటి బాటలు చెరువు నుండి చెరువుకు సాగేవి.

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించినాడు. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు పనిచేసి, అనంతపురంలో నివాసముండెను. 1827లో మద్రాసు గవర్నరు హోదాలో పర్యటించుచు పత్తికొండ వద్ద కలరాతో మరణించగా గుత్తిలో ఖననం చేసిరి. తరువాత అస్థికలను మద్రాసుకు తరలించిరి.

కరువు పనులు

1876-78 నాటి మహా కరువు (ధాత కరువు) ఈ సీమ రోడ్ల చరిత్రలో ముఖ్య ఘట్టం. అప్పటికే 1871లో మద్రాసు నుండి రాయచూరు వరకు రైలు మార్గం గుత్తి, గుంతకల్లుల మీదుగా పూర్తి అయినది. రైలులో ధాన్యం స్టేషను వరకు రాగలిగినను, అక్కడి నుండి పల్లెలకు చేర్చుట దుస్సాధ్యమైనది. ఏలయన, మేత లేక బండ్లు లాగు ఎద్దులు చనిపోయినవి. ధాన్యం స్టేషనులో ఉండగా మనిషి పల్లెలో ఆకలితో మరణించుటకు ఇది ఒక కారణం.

ఆకలిగొన్న వారికి కూలి ఇచ్చుటకై ప్రభుత్వం చేపట్టిన పనులలో ప్రధానమైనవి రోడ్డు కట్టలు పోయుట, కంకర కొట్టుట. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సూచన మేరకు, పనిచేయు పురుషునికి రోజుకు ఒక పౌను (సుమారు 450 గ్రాములు) ధాన్యం, ఒక అణా మాత్రమే కూలిగా నిర్ణయించిరి. రాయి కొట్టు శరీరానికి ఇది చాలదని మద్రాసు శానిటరీ కమీషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించిరి. ఆ ఏడాదిలోనే కూలి పెంచవలసి వచ్చినది. 1880 నాటి కరువు కమీషను తరువాత రూపొందిన కరువు నియమావళులలో కూడా రోడ్డు పనికి ప్రముఖ స్థానం లభించినది.

అనంతపురం పల్లెలలో ఈ జ్ఞాపకం భాషలో నిలిచిపోయినది. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ఇదే జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లి గ్రామంలో ప్రారంభమైనది. ఆ పథకపు పనిని కూడా జనులు "కరువు పని" అనియే పిలిచిరి.

దిశ మారిన రహదారి

1882 వరకు అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. కచ్చేరి పనులన్నియు బళ్ళారితోనే గనుక అప్పుడు పడమటి బాటకు ప్రాధాన్యత ఉండేది. 1882లో అనంతపురం ప్రత్యేక జిల్లా అయినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోగా, రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాలో కలిసినది. రాజధాని కర్నూలు అయినది. 1956లో రాజధాని హైదరాబాదుకు మారినది. ఈ మూడు మార్పులతో జిల్లా ముఖం పడమర నుండి ఉత్తర దక్షిణాలకు తిరిగినది. ఉత్తరాన రాజధాని, దక్షిణాన పని దొరకు బెంగుళూరు. రెంటినీ కలుపు రోడ్డు జిల్లాకు వెన్నెముక అయినది.

జాతీయ రహదారి

వారణాసి నుండి కన్యాకుమారి వరకు 2,369 కి.మీ. పొడవుతో 7వ నెంబరు జాతీయ రహదారి దేశంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందినది. అనంతపురం - బెంగుళూరు మార్గం అందులో చేరినది. 2010లో కేంద్ర ప్రభుత్వం జాతీయ రహదారులకు క్రొత్త నెంబర్లు ఇచ్చినప్పుడు ఇది 44వ నెంబరు రహదారి అయినది.

జాతీయ రహదారుల అభివృద్ధి పథకం రెండవ దశలో, ఉత్తర - దక్షిణ కారిడార్ క్రింద ఈ మార్గాన్ని నాలుగు వరుసలుగా విస్తరించిరి. మధ్యలో డివైడరు, ముఖ్య కూడళ్ళ వద్ద వంతెనలు, ప్రక్కన సర్వీసు రోడ్లు ఏర్పడినవి. మరూరు వద్ద టోల్ ప్లాజా ఉన్నది. విస్తరణలో పాత రోడ్డు ప్రక్కనున్న చింత, మర్రి, వేప చెట్లు అనేకం పోయినవి. నీడ కరువైన సీమలో ఇది చిన్న నష్టం కాదు.

నగర శివారు

పాత రోడ్డు నగరం మధ్యగా సాగేది. బైపాస్ మార్గం ఏర్పడిన తరువాత దూర ప్రయాణ వాహనములు ఊరిలోనికి రావలసిన అవసరం తప్పినది. కొంత కాలానికి ఊరే బైపాసు వద్దకు పోయినది. సోములదొడ్డి వద్ద 2008లో ఇస్కాన్ మందిరం ప్రారంభమైనది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయం బెంగుళూరు రోడ్డులోనే ఉన్నది. శివారు గ్రామమైన కక్కలపల్లిలోని టమోటా మార్కెట్టు నుండి సరుకు ఇతర రాష్ట్రాలకు లారీలలో పోతుంది. కాయ ఎక్కువ రోజులు నిలువదు గనుక, రైతుకు ఈ రోడ్డు గిట్టుబాటు ధరకు ఆధారం. అయితే పంట ఒక్కసారిగా ముంచుకొని వచ్చినప్పుడు, ఎంత మంచి రోడ్డు ఉన్నను ధర నిలుపలేదు.

వంకలు, వరదలు

శివారు విస్తరణలో ఎక్కువగా నష్టపోయినవి వంకలు. ఎండిన వంక చూచుటకు ఖాళీ స్థలం వలె కనిపిస్తుంది. పది సంవత్సరాలు నీరు రాకపోయిన యెడల అది వంక అన్న సంగతియే జనులు మరచిపోతారు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలోని పలు కాలనీలు నీట మునిగినవి. 2024 అక్టోబరులో కనగానపల్లి చెరువు తెగి, పండమేరు వంక ఉధృతంగా ప్రవహించి శివారు కాలనీలను ముంచెత్తినది. 1364లో ఏ వంకకు అడ్డుకట్ట వేసి ఊరు నిలిపిరో, ఆ వంకయే ఆరున్నర శతాబ్దాల తరువాత ఊరి శివారులోనికి వచ్చినది.

రోడ్డు కట్ట ఎత్తు పెరిగిన కొలది అది నీటికి అడ్డుకట్టగా పనిచేస్తుంది. కల్వర్టుల వెడల్పును సగటు వర్షపాతాన్ని బట్టి గాక, ఒక్క రోజులో పడగల గరిష్ఠ వర్షాన్ని బట్టి లెక్కించవలెను. చెరువులకు నీరు తెచ్చు వాగులు రోడ్డు క్రింద మూసుకుపోయిన యెడల ఎగువన ముంపు, దిగువన చెరువు ఎండుట ఒకేసారి సంభవిస్తాయి. కరువు సీమలో ఈ రెండవ నష్టమే ఎక్కువ కాలం బాధిస్తుంది.

ప్రమాదాలు

రోడ్డు వెడల్పయిన కొలది వేగం పెరిగినది, కాని పల్లె జీవితం అదే రోడ్డును దాటుచున్నది. 2024 నవంబరు 23న ఇదే జాతీయ రహదారిపై, అనంతపురానికి ఉత్తరాన గార్లదిన్నె మండలం తలగాసిపల్లె వద్ద బస్సు, ఆటో ఢీకొని కనీసం ఏడుగురు వ్యవసాయ కూలీలు మరణించిరి. పని వెదుకుతూ ఆటోలలో దూర గ్రామాలకు పోవు కూలీలకు సర్వీసు రోడ్లు, క్రింది వంతెనలు సౌకర్యం మాత్రమే కావు, ప్రాణావసరం.

పరిశ్రమలు, వలసలు

వేరుశనగ పంట దెబ్బతిన్న ఏటేటా వేలాది కుటుంబాలు ఈ రోడ్డు మీదుగానే బెంగుళూరుకు వలస పోయినవి. ఇటీవల పని కొంత ఈ రోడ్డు ప్రక్కకే వచ్చినది. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం జరిగి, 2019 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగినది. ప్రారంభ సమయంలో దాని ఉత్పత్తి సామర్థ్యం ఏటా 3 లక్షల కార్లు. పాలసముద్రం వద్ద కస్టమ్స్, పరోక్ష పన్నుల జాతీయ అకాడమీ 2024 జనవరి 16న ప్రారంభమైనది. మరొకవైపు చిలమత్తూరు, గోరంట్ల మండలాలలో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట కేటాయించిన సుమారు 8,800 ఎకరాలలో అనుకొన్న పరిశ్రమలు రాలేదు. రోడ్డు, భూమి ఉన్నంత మాత్రాన పరిశ్రమ రాదని ఇది తెలుపుతున్నది. కియా విషయంలో రోడ్డుతో పాటు గొల్లపల్లి జలాశయం నీరు కూడా నిర్ణాయకమైనది.

కొడికొండ సమీపంలోని కోడూరు నుండి కడప జిల్లా మీదుగా కోస్తా వైపునకు 544జి నెంబరు క్రొత్త రహదారి నిర్మాణం చేపట్టిరి. దీనితో ఈ మార్గం దక్షిణ కొన ఒక పెద్ద కూడలి కాగలదు. అక్కడి వంకలకు ఇప్పుడే దారి విడిచిపెట్టుట, అనంతపురం శివారు నేర్పిన పాఠం.

ఇవి కూడా చూడండి

అనంతపురం
పెనుకొండ
గుత్తి కోట
పెన్నా నది
దత్తమండలాలు