బావి గట్టుమీద ఏడు మాటలు

పిల్లలూ! ఇంగ్లీషు పరీక్షలో ఒక మాటకు బదులు మరొక మాట వ్రాస్తే ఏమవుతుంది? "ఒక మార్కు పోతుంది" అంటారు మీరు. నేను ఒకసారి అట్లాగే ఒక మాటకు బదులు మరొకటి వ్రాశాను. దానివల్ల ఒక కుర్రవాడి చదువే ఆగిపోబోయింది. ఆ సంగతి చివర చెబుతాను. ముందు ఆ మాటలేవో తెలుసుకోవాలి గదా!

ఏదైనా పని చెయ్యబోయి ఆగిపోవటం, ఎటూ తేల్చుకోలేకపోవటం అందరికీ వున్నదే. దీనికి ఇంగ్లీషులో చాలా మాటలు వున్నాయి. నిఘంటువు తెరిస్తే అన్నిటికీ "సందేహించు, తటపటాయించు" అనే అర్థాలే కనిపిస్తాయి. కాని అవన్నీ ఒకటి కావు. ఎట్లా కావో చూడాలంటే, ఎండాకాలం సెలవుల్లో ఒక దిగుడుబావి దగ్గరికి పోదాం రండి. అక్కడ ఏడుగురు కుర్రాళ్ళు ఈత నేర్చుకుంటున్నారు. అందరి నడుములకూ సొరకాయ బుర్రలు కట్టి వున్నాయి. ఈత బాగా వచ్చిన పెద్దవాళ్ళు ఇద్దరు నీళ్ళలోనే వున్నారు.

మొదటివాడు గట్టుమీదికి వచ్చాడు. దూకబోయి ఆగాడు. వాడు చేసిన పని పేరు హెజిటేట్. లాటిన్ భాషలో దీని మూలానికి "అంటుకుపోవటం" అని అర్థం. రెండు వస్తువులను అతికించే బంకను ఇంగ్లీషులో అధీసివ్ అంటారే, ఆ మాటదీ ఈ కుటుంబమే. వాడి పాదాలు గట్టుకు అంటుకుపోయినాయన్నమాట! మనం "సంకోచించాడు" అంటాం. సంకోచమంటే ముడుచుకోవటం. వాళ్ళు అంటుకుపోతే మనం ముడుచుకుంటాం, సంగతి ఒకటే. హెజిటేట్ చేయటం తప్పు కాదు. మరుక్షణంలో వాడు దూకినా దూకవచ్చు.

రెండవవాడు "నేను దూకి తీరుతాను" అని ఇంటిదగ్గరే నిశ్చయించుకుని వచ్చాడు. నీళ్ళు చూడగానే ఆ నిశ్చయం గాలిలో దీపంలాగా రెపరెపలాడింది. ఇది వేవర్. ఇక్కడ ఊగింది మనిషి కాదు, వాడి నిశ్చయం. అసలు నిశ్చయం వుంటేనే గదా అది సడలటం!

మూడవవాడు "దూకుతాను" అంటూ మెట్లు దిగాడు. "వద్దు, ఇంటికి పోతాను" అంటూ ఎక్కాడు. మళ్ళీ దిగాడు. మళ్ళీ ఎక్కాడు. వీడిది వాసిలేట్. దీని లాటిన్ మూలానికి "ఊగటం, తూలటం" అని అర్థం. మన "డోలాయమానం" సరిగ్గా ఇదే. డోల అంటే ఊయల. ఊయల ఒక కొసన నిలవదు, రెండవ కొసనా నిలవదు.

నాలుగవవాడు దూరంనుంచి పరుగెత్తుకు వచ్చాడు. తీరా గట్టు దగ్గరికి వచ్చేసరికి అడుగులు తడబడ్డాయి. ఇది ఫాల్టర్. పని మొదలుపెట్టకముందు ఆగితే హెజిటేట్. మొదలుపెట్టిన తరువాత మధ్యలో తడబడితే ఫాల్టర్. సభలో పద్యం చదువుతూ చదువుతూ గొంతు వణికినా ఇదే మాట వాడాలి.

అయిదవవాడు బుర్ర తాడు బిగించాడు, విప్పాడు, మళ్ళీ కట్టాడు. చొక్కా ఇక్కడ పెట్టాలా, అక్కడ పెట్టాలా అని నాలుగుసార్లు తిరిగాడు. వీడిది డిదర్. పూర్వం ఈ మాటకు "వణకటం" అని అర్థం. కంగారుగా అటూ ఇటూ తిరిగేవాడికి ఇది సరిపోతుంది. ఇందులో కాస్త వెక్కిరింత కూడా వున్నది, కాబట్టి పెద్దలను గురించి అనకండి!

ఆరవవాడు హాయిగా చెట్టు నీడన కూర్చుని, "రేపు దూకుతాలే" అన్నాడు. ఇది ప్రొక్రాస్టినేట్. మాట పొడుగే కాని గుర్తుపెట్టుకోవటం తేలిక. లాటిన్‌లో "క్రాస్" అంటే "రేపు". ఆ రేపు ఈ మాట పొట్టలోనే దాగి వున్నది. మనం "నాన్చటం" అంటాం. మీనమేషాలు లెక్కపెట్టేవాళ్ళు కూడా వీడి బంధువులే.

ఏడవవాడికి నీళ్ళంటే భయం లేదు. దూకాలనే వున్నది. కాని "నాన్న రానిదే బావిలో దిగను" అని అమ్మకు మాట ఇచ్చాడు. అందుకని దూకలేదు. వీణ్ణి ఆపినదాని పేరు స్క్రూపుల్. లాటిన్‌లో దీనికి మూలమైన మాటకు "వాడి అయిన చిన్న రాయి" అని అర్థం. చెప్పులో గులకరాయి వుంటే అడుగడుక్కీ గుచ్చుకోదూ? తప్పు చేయబోయేవాడి మనసులో అట్లా గుచ్చుకునేదే స్క్రూపుల్.

ఇప్పుడొక కిటుకు చెబుతాను. ఈ మాటల పక్కన వచ్చే చిన్న మాటలను చూడండి. హెజిటేట్ తరువాత తరచు "టు" వస్తుంది. "ఐ హెజిటేటెడ్ టు ఆస్క్" అంటే "అడగటానికి సంకోచించాను" అని. అక్కడున్న పని ఒక్కటే. వాసిలేట్ తరువాత తరచు "బిట్వీన్" వస్తుంది. బిట్వీన్ అంటే రెండింటి నడుమ. ఊయలకు రెండు కొసలు వుండాలి గదా!

ఈ కిటుకు తెలిసివుండీ నేను పొరపాటు చేశాను. ఇప్పుడా సంగతి వినండి.

1996లో నేను పదవ తరగతికి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పరీక్షలు రెండు నెలలు వున్నాయనగా, ఒక్కొక్కరినే పిలిచి, "ఇంటర్మీడియేట్‌లో ఏ గ్రూపు తీసుకుంటావు?" అని అడిగాను. ఒక కుర్రవాడు తలవంచుకుని నిలబడ్డాడు. మర్నాడు అడిగినా అంతే. వీడేదీ తేల్చుకోలేడనుకుని, ప్రోగ్రెస్ కార్డులో "వాసిలేట్ చేస్తాడు" అని ఇంగ్లీషులో వ్రాసి పంపాను.

వాడి తండ్రి దర్జీ. ఇంగ్లీషు రాదు. ఎవరిచేతనో చదివించుకున్నాడు. ఆ చదివినాయన, "మీవాడి మనసు ఊగిసలాడుతుందట, నిలకడ లేదట" అని చెప్పాడు. "నిలకడ లేనివాడికి చదువెందుకు?" అని తండ్రి కొడుకును మిషను ముందు కూర్చోబెట్టాడు. నాలుగు రోజులు చూసి నేను వాళ్ళ యింటికి వెళ్ళాను.

"ఏరా, ఎందుకు జవాబు చెప్పలేదు?" అని అడిగాను.

"నాకు మొదటినుంచీ లెక్కలే చదవాలని వుంది, మాస్టారూ. కాలేజీ పట్నంలో వున్నది. అమ్మకు ఒంట్లో బాగుండదు. నేను వెళ్ళిపోతే అమ్మకు నీళ్ళు తోడిపెట్టేదెవరు? అందుకని నోరు రాలేదు," అన్నాడు వాడు.

చూశారా? వాడి మనసు ఏనాడూ రెండు వేపులకు ఊగలేదు. కోరిక ఒక్కటే. దాన్ని బయటికి చెప్పటానికి మాత్రమే సంకోచించాడు. అది హెజిటేట్. ఆపిందేమో చెప్పులో గులకరాయి!

నేను కార్డు తెప్పించి, వ్రాసిన మాట కొట్టివేసి, సరైన మాట వ్రాసి సంతకం పెట్టాను. తప్పు నాదేనని చెప్పి, రెండింటికీ తెలుగులో అర్థం వివరించాను.

"ఒక్క మాటకు ఇంత తేడానా, మాస్టారూ?" అన్నాడు తండ్రి.

"కొలతలో ఒక్క అంగుళం తప్పితే చొక్కా పడుతుందా?" అన్నాను.

ఆయన కొంచెంసేపు ఆలోచించి, కొడుకును మిషను దగ్గరినుంచి లేవమన్నాడు. ఆ ఏడు వాడు పరీక్ష ప్యాసై, రోజూ బస్సులో పట్నం పోయివస్తూ లెక్కలే చదివాడు. పొద్దున్నే అమ్మకు నీళ్ళు తోడిపెట్టి మరీ బస్సెక్కేవాడు.

ఈ పేజీ చదివే తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లవాడు జవాబు చెప్పకుండా నిలబడితే, వాడు ఊగుతున్నాడా, అంటుకుపోయాడా, లేక రాయి గుచ్చుకుంటున్నదా అని ముందు అడిగి తెలుసుకోండి. తరువాతనే వాడికి పేరు పెట్టండి.

పిల్లలూ, ఇక మీ వంతు. ఈ ముగ్గురికీ ఏ మాట సరిపోతుందో చెప్పండి:

1. దొరికిన పర్సులో డబ్బు తీసుకోవాలనిపించినా, రాము చెయ్యి రాలేదు.

2. సీత పాట సగం పాడాక, గొంతు వణికి ఒక్క క్షణం ఆగింది.

3. గోపి నెల రోజులుగా "ఎల్లుండి నుంచి వ్యాయామం చేస్తాను" అంటున్నాడు.

జవాబులు కావాలంటే మళ్ళీ ఒకసారి బావి గట్టు దగ్గరికి వెళ్ళి రండి. రేపు మాత్రం కాదు సుమా!